ఏ మేడిపల్లి సార్?

పెద్దలు ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఇల్లు మారి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. వాళ్ళకు ఆ అవసరం పడి ఉండదు. పుట్టిన ఇంట్లోనే పెరిగి, ఆ ఇంట్లోనే ముసలివాళ్ళయిపోయేవారు. చివరికి ఒక్కసారి మారేవారనుకోండి, దానికి బండి మాట్లాడుకునే పని వాళ్ళది కాదు గదా!

2025 మాఘమాసంలో మేము మేడిపల్లి నుంచి కరీంనగర్‌కు ఇల్లు మారాం. జగిత్యాలకూ కోరుట్లకూ నడుమనున్న మేడిపల్లి. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. మారడానికి కారణాలు మామూలువే. నా మోకాళ్ళు, మా ఆవిడ కళ్ళు, కరీంనగర్‌లో ఉన్న కూతురి పోరు. మస్కట్‌లో ఉన్న మావాడు ఫోన్ చేసి, "బాపూ, నువ్వు ఎవ్వలినీ బతిమిలాడకు. నీ ఫోన్ల ఒక మనిషిని పెడుతున్న. తెలుగు మాట్లాడుతది. బండి కాడికెల్లి గ్యాసు దాకా అన్నీ అదే చూసుకుంటది" అన్నాడు.

ఫోన్లో మనిషి అంటే మనిషి కాదు. కృత్రిమ మేధ అంటున్నారే, అది. మనం మాట్లాడితే మాట్లాడుతుంది, అడిగింది వెతుకుతుంది, ఉత్తరం రాసి పెడుతుంది. ఇలాంటివి తెలుగులో నోరు విప్పి మాట్లాడడం ఈమధ్యనే మొదలైంది. 2024 అక్టోబరులో గూగుల్ వాళ్ళు తమ జెమినై లైవ్‌ను హిందీతో పాటు తెలుగులోనూ మాట్లాడిస్తామని ప్రకటించారు. అలాంటివి మరికొన్ని కూడా ఉన్నాయి. నా ఫోన్లో చేరింది ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం. దాని పరువు తీయడం నా ఉద్దేశం కాదు.

నిజం చెప్పొద్దూ, మొదటి నాలుగు రోజులూ నేను దానికి దాసుణ్ణయిపోయాను. ఎంత మర్యాద! ఎంత ఓపిక! "ఇంట్లో ఎన్ని గదులున్నాయి?" అని అడిగింది. "మూడు అర్రలు, ఒక సాయబాను" అన్నాను. "సాయిబు గారు కూడా మీతోపాటు వస్తున్నారా?" అంది. సాయబాను అంటే ఇంటిముందు రేకుల పందిరి తల్లీ అని చెబితే క్షమించమని వేడుకుంది. గ్యాసు కనెక్షను, బ్యాంకు ఖాతా, ఆధార్, రేషను కార్డు, పింఛను, కరెంటు బిల్లు, ఇలా ఇరవై మూడు అంశాల పట్టీ తయారుచేసింది. అందులో సగం నాకు తోచనే తోచవు. మూఢం లేదుగదా, ముహూర్తం చూసుకున్నారా అని కూడా అడిగింది. మా ఆవిడ ముక్కున వేలేసుకుని, "గిది మన అయ్యగారి కన్న నయమున్నది" అంది.

పాత చీపురు తీసుకుపోవాలా వద్దా అన్న విషయంలో మాత్రం దానికీ మా ఆవిడకూ పొసగలేదు. శుభ్రం చేసి తీసుకెళ్ళమంది అది. మా ఆవిడ ఆ తర్వాత దానితో మాట్లాడలేదు.

నలభై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి గనుక ఇల్లు మారడం అనగానే నాకు తుగ్లక్ గుర్తొస్తాడు. 1327లో ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు రాజధాని మార్చిన పుణ్యాత్ముడు. ఎవరో గుడ్డివాడు కదలకపోతే ఈడ్చుకుపొమ్మన్నాడనీ, దౌలతాబాదుకు చేరేసరికి కాలు ఒక్కటే మిగిలిందనీ ఇబ్న్ బతూతా రాశాడు. ఆయన కళ్ళారా చూసింది కాదు. ఆయన ఢిల్లీ చేరిందే 1334లో. ఢిల్లీ మొత్తం ఖాళీ కాలేదనీ, కదిలింది ఎక్కువగా కొలువువాళ్ళూ పెద్దలూననీ చరిత్రకారులు తేల్చారు. అయినా పిల్లలకు ఆ కాలు కథే ఇష్టం. సామాను సర్దుతూ, మన మంచం కోడు ఒక్కటే కరీంనగర్ చేరకుండా చూడమని ఫోనుకు చెప్పాను. అది నవ్వింది. నవ్వడం కూడా నేర్పారు దానికి.

ఇక బండి సంగతి. "మేడిపల్లి నుంచి కరీంనగర్‌కు సామాను తీసుకుపోవడానికి బండి కావాలి" అన్నాను. రెండు నిమిషాల్లో "మేడిపల్లికి దగ్గరలో ఉన్న" మూడు సంస్థల వివరాలు నా ముందు పెట్టింది. అందులో ఒకరికి తనే సందేశం రాసి, పంపమంటారా అని అడిగింది. పంపమన్నాను. పద్నాలుగు వేలన్నారు. అరవై డెబ్భై కిలోమీటర్ల దూరానికి పద్నాలుగు వేలా అని గుండె గుభేలుమంది. మావాణ్ణి అడిగితే, "ఇప్పుడు రేట్లు గట్లనే ఉన్నయి బాపూ, కిరికిరి పెట్టకు" అన్నాడు. సరే, కాలం మారిందనుకున్నాను. అనుమానించవలసిన చోట కాలాన్ని నిందించి ఊరుకోవడం ముసలితనం లక్షణం కాబోలు.

అనుకున్న రోజు తెల్లవారింది. సామానంతా వాకిట్లోకి చేరింది. ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది.

"సార్, మేడిపల్లికి వచ్చిన. మీ ఇల్లు ఏడ?"

"బస్టాండు కాడికెల్లి లోపలికి రా నాయనా. పోస్టాఫీసు దాటినంక వేపచెట్టు ఇల్లు."

"బస్టాండు ఏడున్నది సార్? నేను మెయిన్ రోడ్డు మీదనే ఉన్న."

"మేమూ రోడ్డు మీదనే నిలుచున్నం. నువ్వు కనిపిస్తలేవు."

"నేను మెట్రో పిల్లర్లు దాటి, బోడుప్పల్ దాటి వచ్చిన సార్..."

అప్పుడర్థమైంది. ఆయన నిలబడింది హైదరాబాదులో ఉప్పల్ దాటాక వరంగల్ తోవలో ఉన్న మేడిపల్లిలో. నేను నిలబడింది జగిత్యాల జిల్లా మేడిపల్లిలో. ఇద్దరి నడుమా దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఇద్దరమూ మేడిపల్లిలోనే ఉన్నాం, ఇద్దరమూ రోడ్డు మీదనే ఉన్నాం, ఇద్దరమూ అబద్ధం ఆడడం లేదు! పాపం, ఆ డ్రైవరు చివరికి ఒక్క మాట అన్నాడు. "అయితే మీది ఏ మేడిపల్లి సార్?"

డెబ్భై రెండేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఫోన్లో మనిషిని నిలదీశాను. "క్షమించండి, మేడిపల్లి పేరుతో ఒకటికి మించి ఊళ్ళున్నాయి. నేను ముందే నిర్ధారించుకోవలసింది" అని ఒప్పుకుంది. అంత వినయంగా ఒప్పుకునేవాళ్ళ మీద ఎంతసేపని కోప్పడతాం? తప్పు సగం నాది కూడా. జిల్లా పేరు చెప్పలేదు. నా ఊళ్ళో నిలబడి నా ఊరు ఎక్కడుందో చెప్పాలన్న ఊహ నాకెందుకు కలుగుతుంది?

మరో బండి దొరికేదాకా చేయగలిగిందేమీ లేదు. ఇంట్లో కూర్చుందామంటే పీట కూడా లేదు. వాకిట్లో ఉన్న మా నాయన ఇనుప సందుగ మీద కూర్చున్నాను. దాని తాళం ఏనాడో పోయింది. ఊరికే ఉండలేక మూత ఎత్తితే పైనే ఉత్తరాల కట్ట కనిపించింది. మా నాయన ఏ ఉత్తరాన్నీ పారేసేవాడు కాదు. ఇంతకుముందెప్పుడైనా ఆ కట్ట విప్పితే లోపల ఏం రాశారన్నదే చదివేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి పైన ఏం రాశారో చదివాను. చిరునామాలు!

అన్నిటికన్నా అడుగునున్న కార్డు మా తాతగారి పేర వచ్చింది. ఉర్దూలో రాసిన చిరునామా, చివర హైదరాబాద్ దక్కన్. నిజాం సర్కారుకు సొంత తపాలా ఉండేది, సొంత స్టాంపులుండేవి. బ్రిటిషు ఇండియా తపాలా కూడా పక్కనే ఇంకో దుకాణంలా నడిచేది. ఒకే రాజ్యంలో రెండు తపాలాలు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక, 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఆ పై ఉత్తరాల మీద హైదరాబాదు రాష్ట్రం ఉంది. 1956 నవంబరు తర్వాతి వాటి మీద ఆంధ్రప్రదేశ్ వచ్చింది. జిల్లా కరీంనగర్. ఆ కరీంనగర్ జిల్లా అయినా మొదటినుంచీ ఆ పేరుతో ఉన్నది కాదు. ఒకప్పుడు ఎలగందుల జిల్లా. 1905లో కరీంనగర్ జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. దాంతో ఉత్తరాల మీద "మేడిపల్లి, మండలం మేడిపల్లి" అని ఒకే మాట రెండుసార్లు రాయడం మొదలైంది. 2014 జూన్ 2 నుంచి రాష్ట్రం తెలంగాణ. 2016 అక్టోబరు 11, దసరా పండుగనాడు కొత్త జిల్లాలు పుట్టాయి. మా ఊరు జగిత్యాల జిల్లాలో చేరింది. మా తాత కట్టిన ఇల్లు ఒక్క అంగుళం జరగలేదు. దాని చిరునామా మాత్రం ఇన్ని ఇళ్ళు మారింది.

కట్ట మధ్యలో ఒక కార్డు ఉంది. 1960ల నాటిది. ముందువైపు ఖాళీ లేకుండా తపాలా ముద్రలు. మా మేనమామ హైదరాబాదు నుంచి రాశాడు. తొందరలో "మేడిపల్లి" అని రాసి జిల్లా మరిచిపోయాడు. మేనమామలకు మరుపు ఎక్కువ. ఆ కార్డు ఎక్కడెక్కడో తిరిగింది. ఒక మూల ఎవరో పెన్సిలుతో "కరీంనగర్ వైపు చూడండి" అని రాశారు. ఆ రాసిన ఉద్యోగి ఎవరో, ఏ రైలుబండిలో రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరుచేశాడో! రైల్వే మెయిల్ సర్వీసు వాళ్ళు అలాగే పనిచేసేవారు. నడిచే రైలులో గూళ్ళ ముందు నిలబడి, ఏ ఊరు ఏ దారిలో వస్తుందో నోటికి నేర్చుకుని, ఒక్కో ఉత్తరాన్నీ దాని గూట్లోకి విసిరేవారు. అనుమానం వస్తే చింపి పారేసేవారు కాదు, పెన్సిలు తీసేవారు. ఆ కార్డు మూడు వారాలు ఆలస్యంగానైనా మా ఇంటికే వచ్చింది.

మన దేశంలో ఒకే పేరున్న ఊళ్ళ బెడద చిన్నది కాదు. మేడిచెట్టు ఉన్నచోటల్లా ఒక మేడిపల్లి, తుమ్మ ఉన్నచోట తుమ్మలపల్లి, చింత ఉంటే చింతలపల్లి, రాముడు లేని చోటు లేదు గనుక ప్రతి తాలూకాలోనూ ఒక రామాపురం. చెట్టు పేరో దేవుడి పేరో పెట్టుకున్నవాళ్ళకు పక్క జిల్లాలోనూ అదే చెట్టు, అదే దేవుడూ ఉంటారని తట్టలేదు. తట్టినా వాళ్ళకేం పని? ఊరి పేరు ఊరివాళ్ళకోసం గాని, ఉప్పల్ నుంచి వచ్చే బండివాడికోసం కాదు గదా.

ఆ పని తపాలావాళ్ళ నెత్తిన పడింది. ఒకే పేరున్న ఊళ్ళు, రకరకాల లిపులు, కుక్కిరి బిక్కిరి రాతలు. అమెరికావాళ్ళు 1963లో అంకెల పద్ధతి పెట్టుకున్నారు. మనవాళ్ళు 1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు నిండిన రోజున, పిన్ కోడ్ తెచ్చారు. దాని వెనుక ఉన్నాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్. తపాలా తంతి శాఖలో పెద్ద ఉద్యోగి. అంతకన్నా విశేషం, సంస్కృతంలో కావ్యాలూ నాటకాలూ రాసిన పండితుడు. దేశాన్నంతా ఆరంకెల్లో ఇమిడ్చినవాడు శ్లోకాలు కట్టినవాడంటే నాకేమీ వింతగా తోచదు. ఛందస్సు తెలిసినవాడికి ఇంత అర్థాన్ని ఇన్ని అక్షరాల్లోనే సర్దాలన్న పట్టుదల ఉంటుంది.

ఆ ఆరంకెల్లో మొదటిది దేశంలో ఏ దిక్కో చెబుతుంది. అయిదు అంటే మనమూ, కన్నడిగులూ. మొదటి మూడంకెలూ కలిపి చదివితే ఏ ప్రాంతంలో వేరుచేయాలో తెలుస్తుంది. చివరి మూడూ మీ పోస్టాఫీసు. 500 అంటే హైదరాబాదు. 505 అంటే కరీంనగర్ వైపు. చూశారా, నేను ఆ ఫోనుకు 505 అని మూడంకెలు చెప్పి ఉంటే ఆ డ్రైవరు బోడుప్పల్ దాటేవాడు కాదు. వేలంకర్ గారు 1972లోనే నా సమస్యను పరిష్కరించి పెట్టారు. నేనే వాడుకోలేదు.

మా నాయనకు మాత్రం ఆ అంకెల మీద గురి కుదరలేదు. పిన్ కోడ్ రాసి, దాని పక్కన "వయా కోరుట్ల" అని కూడా రాసేవాడు. 1979లో మా అన్న దుబాయి పోయాడు. మా ప్రాంతంలో అప్పటికే ఇంటికొకరు బొంబాయి దారి పట్టారు. సిరిసిల్ల వైపువాళ్ళు మగ్గాల పనికి భీవండికీ, మావైపువాళ్ళు అక్కణ్ణుంచి ఇంకా అవతలికి, ఎడారి దేశాలకూ. కట్టలో సగం ఉత్తరాలు అన్నవే. అంచులకు ఎర్ర నీలి చారలున్న కవర్లు. రావడానికి మూడు వారాలు, జవాబు చేరడానికి మరో మూడు. ప్రతి కవరు మీదా మా నాయన నేర్పినట్టే "వయా కోరుట్ల" అని అన్న రాసేవాడు. దుబాయిలో ఉన్న తపాలా ఉద్యోగికి కోరుట్లతో ఏం పని? కాని అన్నకు కావాలి. మేడిపల్లికి పోవాలంటే కోరుట్లలో బస్సు దిగాలన్నది వాడి కాళ్ళకు తెలుసు. ఉత్తరం కూడా అక్కడ దిగే వస్తుందని వాడి నమ్మకం.

ఒక కవరు మీద మా నాయన పేరు కూడా లేదు. "బాపుకు, మేడిపల్లి" అని ఉంది, దాని కింద పిన్ కోడ్. ఏ దుఃఖంలో ఉండి రాశాడో. అది కూడా వచ్చింది. పోస్టుమాన్‌కు ఆ చేతిరాత తెలుసు. మా ఊళ్ళో ఎందరో బాపులున్నా ఆ రాతకు బాపు ఒక్కడే అని తెలుసు.

కట్టలో శుభలేఖలు కూడా ఉన్నాయి. పసుపు రంగు వెలిసిపోయిన ఒక శుభలేఖ మా నాయన స్నేహితుడి కొడుకు పెళ్ళిది. ఊరు నీలోజిపల్లి. వివాహ వేదిక, వరుని స్వగృహము. ఆ పెళ్ళికి నేను వెళ్ళాను. వేములవాడలో దర్శనం చేసుకుని ఎడ్లబండి మీద చేరాం. పందిట్లో వడ్డించిన బూరెలు ఇప్పటికీ గుర్తే. ఆ స్వగృహం ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. మానేరు మీద మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయంలో పాతిక టీఎంసీలకు పైగా నీళ్ళు పడతాయి. 2019లో గోదావరి నీళ్ళు వచ్చి అందులో చేరాయి. నీలోజిపల్లి, కొదురుపాక, వరదవెల్లి, చింతలఠాణా, చీర్లవంచ వంటి ఊళ్ళు అంతకుముందే సామాను సర్దుకున్నాయి. వాళ్ళ ఇల్లు మార్పిడి ముందు మాది ఏపాటిది? మేము ఇల్లు మారాం, మా ఇల్లు మారలేదు. తాళం వేసి వచ్చాం. వాళ్ళు మార్చలేకపోయింది ఇల్లే. తలుపులూ దర్వాజలూ దూలాలూ ఊడదీసుకుని బండ్లకెత్తుకున్నారు. గోడలు మోసుకుపోవడం ఎవరి తరం?

పాత కాలపువాళ్ళు గోడలు కూడా మోశారనుకోండి. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయనంతా తవ్వారు. నీటి పాలయ్యే కట్టడాల్లో కొన్నింటిని విప్పి తెచ్చి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. ఇక్ష్వాకుల కాలంనాటి ఇటుకకు అంత మర్యాద జరిగింది. మా నాయన స్నేహితుడి ఇంటి గోడకు జరగలేదు. దానికి వయసు చాలలేదు.

అయితే ఆ ఊళ్ళవాళ్ళు ఒకటి మాత్రం వదిలిపెట్టలేదు. ఊరి పేరు. ప్రభుత్వం కట్టించిన పునరావాస కాలనీలకు పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. చింతలఠాణా ఉంది, నీలోజిపల్లి ఉంది. అంటే ఇప్పుడు ఒకే పేరున్నవి రెండేసి. ఒకటి గట్టున, ఒకటి నీళ్ళలో. ఆ పెళ్ళికొడుకు ఇప్పుడు అరవై దాటినవాడు, కాలనీలోనే ఉంటున్నాడు. మొన్నామధ్య వేములవాడలో కలిస్తే, "ఊర్లెనే ఉంటున్నవా?" అని అలవాటుగా అడిగాను. ఒక్క క్షణం ఆగి, "ఏ ఊర్లె సార్?" అన్నాడు. సందుగ మీద కూర్చుని ఆ శుభలేఖ పట్టుకున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. పొద్దున డ్రైవరు అడిగినదీ ఇంచుమించు అదే మాట. నాకు నవ్వు వచ్చింది గదా, అతను అడిగినప్పుడు నవ్వు రాలేదు.

అదలా ఉంచి, మళ్ళీ మన ఫోన్లో మనిషి దగ్గరికి వద్దాం. ఇంత తెలివైనది, మూఢాల సంగతి కూడా తెలిసినది, ఊరి దగ్గర ఎందుకు బోల్తా పడింది? మావాణ్ణి అడిగాను. వాడు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ఈ యంత్రాలకు మనలాగా ఊరు తెలియదు, ఊరి గురించి జనం రాసింది తెలుసు. లక్షలాది పుటలు చదివి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసుకుని జవాబు కూర్చుతాయి. యంత్రం మాట్లాడడం ఈనాటి ముచ్చట కాదు. 1966లోనే అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలిజా అనే కార్యక్రమం రాశాడు. దానికి ఏమీ తెలియదు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. అయినా ఆయన సెక్రటరీ దానితో రెండు మాటలు మాట్లాడి, మీరు కాసేపు బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట! 2018లో గూగుల్ వాళ్ళ డూప్లెక్స్ మంగలి షాపుకు ఫోన్ చేసి, మధ్యలో మనిషిలా "ఊఁ" కొడుతూ వేళ అడిగి పుచ్చుకుంటే సభలో చప్పట్లు కొట్టారు. ఇప్పుడది మా వాకిట్లోకే వచ్చింది.

హైదరాబాదు మేడిపల్లి గురించి రాసేవాళ్ళు ఎందరో. అక్కడ ప్లాట్లు అమ్మేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు, సామాను మోసేవాళ్ళు. మా మేడిపల్లి గురించి రాసిందెవరు? మా నాయన రాశాడు, మా అన్న రాశాడు. ఆ రాతలు ఈ సందుగలో ఉన్నాయి. యంత్రం ఈ సందుగ ఎప్పుడు తెరిచింది గనుక? ఎక్కువమంది రాసిన మేడిపల్లి దానికి మేడిపల్లి అయింది. నా ఊహ తప్పయితే కంప్యూటరు చదివిన మనవలెవరైనా నన్ను దిద్దుదురుగాక. ఆ పెన్సిలు పట్టిన ఉద్యోగికీ దీనికీ తేడా మాత్రం నాకు ఇక్కడే కనిపించింది. ఆయనకూ మా ఊరు తెలియదు. కాని తెలియదని తెలుసు. అందుకే ఆగాడు, పెన్సిలు తీశాడు. ఇది ఆగలేదు.

దీనిక్కూడా విరుగుడు కనిపెట్టారనుకోండి. మేము ఇల్లు మారిన మూడు నెలలకు, 2025 మే నెలలో తపాలా శాఖవారు డిజిపిన్ అని కొత్తది తెచ్చారు. హైదరాబాదు ఐఐటీ, ఇస్రో వాళ్ళ జాతీయ దూరసంవేదన కేంద్రం కలిసి తయారుచేశాయి. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్లకు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఇచ్చారు. ఇక ఏ మేడిపల్లి అన్న ప్రశ్నే రాదు. మా సాయబానుకు ఒక గుర్తు, వేపచెట్టుకు ఒక గుర్తు. నీళ్ళ కింద ఉన్న నీలోజిపల్లి వాకిలికి కూడా ఒక గుర్తు ఉండి తీరుతుంది. లెక్కప్రకారం ఉత్తరం రాయవచ్చు.

పది దాటింది. పక్కింటి కుర్రాడు పొలం నుంచి వస్తూ ఆగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. అంతా విని, నవ్వు ఆపుకుని, "సార్, నన్నొక్క మాట అడుగుతె అయిపోవు గదా" అని తన ఫోన్ తీశాడు. "అన్నా, మేడిపల్లికి రా. మన సార్ ఇంటికి." అంతే. చిరునామా లేదు, పిన్ లేదు, గుర్తులేదు. అరగంటకల్లా కోరుట్ల నుంచి డీసీఎం వచ్చి సరిగ్గా వేపచెట్టు కింద ఆగింది. డ్రైవరు దిగి దండం పెట్టి, "మా నాయిన మీ దగ్గర చదువుకున్నడట సార్" అన్నాడు. నాలుగు వేలు తీసుకున్నాడు. అయిదు ఇస్తే వెయ్యి తిరిగి మా ఆవిడ చేతిలో పెట్టాడు.

బండి కదిలే ముందు మావాడు మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. జరిగింది చెబితే వాడు నొచ్చుకున్నాడు. "నేను దూరముండి ఏదన్న చేద్దామనుకుంటె గిట్లయింది బాపూ" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఫోన్లో మనిషి మీద ఉన్న కాస్త కోపమూ పోయింది. మా అన్న ఆ రోజుల్లో క్యాసెట్‌లో మాటలు నింపి ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. వీడు దీన్ని పంపాడు. ఆ మధ్యాహ్నం మళ్ళీ దానితో మాట్లాడి మిగిలిన పనులు చెప్పాను. గ్యాసు, బ్యాంకు, కరెంటు అన్నీ అది చెప్పినట్టే చేశాను. ఒక్కటీ తప్పలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు.

దాని పట్టీలో ఇరవై మూడో అంశం తపాలా. పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలను కొత్త ఇంటికి మళ్ళించమని పోస్టాఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. వారం తర్వాత ఆ పనిమీద బస్సెక్కి మేడిపల్లికి వెళ్ళాను. మా ఊరికి నేను చుట్టంలా వెళ్ళడం అదే మొదటిసారి. కౌంటరులో కొత్తగా వచ్చిన అమ్మాయి కూర్చుని ఉంది. దరఖాస్తులో పాత చిరునామా రాశాను. పేరు, ఇంటి నంబరు, మేడిపల్లి, మండలం, జిల్లా, పిన్ కోడ్. చెయ్యి ఆగలేదు, దాని పక్కన అలవాటుగా ఇంకో రెండు మాటలు రాసేసింది.

ఆ అమ్మాయి కాగితం తిప్పి చూసి, రాతకింద వేలు పెట్టి అడిగింది.

"వయా కోరుట్ల అంటే ఏంది సార్?"